పాత టర్బోడీజిల్ కార్ల ట్యూనింగ్

పాత టర్బోడీజిల్ కార్ల ట్యూనింగ్ అనగా టర్బోఛార్జరు అమర్చిన పాత డీజిల్ కారు ఇంజనులో గాలి, ఇంధనం, ఇంధనాన్ని చిమ్మే సమయం అనే మూడింటినీ సరిచూసి, సరిచేసి, అవసరమైతే మార్చి, తద్వారా దాని పవరును గాని మైలేజిని గాని మెరుగుపరచే పని. పాఠ్యపుస్తకాలలో సామర్థ్యం అని చెప్పే దానినే వాహనాల వాడుకలో పవరు అంటారు. మెకానిక్ షెడ్లలో ఈ పనిని పికప్ పెంచడం, పంపు సెట్టింగు, చిప్పు వేయించడం, రీమ్యాప్ వంటి పేర్లతో వ్యవహరిస్తారు.

ఈ పనిలో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది పునరుద్ధరణ, అనగా కారు కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చిన పవరును, మైలేజిని తిరిగి రాబట్టడం. రెండవది మార్పు, అనగా తయారీదారు నిర్ణయించిన పరిమితికి మించి పవరును రాబట్టడం. పది, పదిహేను సంవత్సరాలు తిరిగిన కారులో సురక్షితంగా లభించే లాభంలో అధిక భాగం మొదటిదాని వలననే వస్తుంది. రెండవదానికి ఇంజనుకు అందే గాలి, ఇంజను లోహం తట్టుకొనే వేడి, చట్టం అనే మూడు హద్దులు ఉన్నాయి. ఈ వ్యాసంలో తెలంగాణ రాష్ట్రం, కామారెడ్డి జిల్లాలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు ఎత్తు, ఎండ, రోడ్లను ఉదాహరణగా తీసుకొని ఈ విషయం వివరించడమైనది.

నేపథ్యం

జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన ఇంజను 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో విజయవంతంగా పనిచేసింది. ఇంజను నుండి వృథాగా బయటకు పోయే వేడి వాయువుల బలంతో లోనికి వచ్చే గాలిని కుదించే ఏర్పాటుకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి 1905లో పేటెంటు పొందాడు. ఈ రెండూ మొదట ఓడలు, రైలు ఇంజనులు, లారీల వంటి భారీ యంత్రాలలో కలిశాయి. ప్రయాణికుల కార్లలో టర్బోడీజిల్ ఇంజను 1978 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌డితో అమ్మకానికి వచ్చింది. 1997లో వచ్చిన ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ పద్ధతి కార్లలో ప్రవేశించింది.

భారతదేశంలో టాటా సుమో 1994లోను, టాటా ఇండికా 1998లోను, మహీంద్రా బొలెరో 2000లోను, స్కార్పియో 2002లోను, షెవర్లే తవేరా 2004లోను, మారుతి స్విఫ్ట్ డీజిల్ 2007లోను విడుదలయ్యాయి. వీటిలో సుమో, ఇండికాలు మొదట టర్బో లేకుండా వచ్చి, తరువాతి సంవత్సరాలలో టర్బోతో కూడా లభించాయి. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 కాలుష్య నియమాలు దేశమంతటా అమలులోకి రావడంతో చిన్న డీజిల్ కార్ల తయారీ బాగా తగ్గింది. మారుతి సుజుకి సంస్థ అప్పటి నుండి డీజిల్ కార్ల తయారీని నిలిపివేసింది. అందువలన నేడు రోడ్లపై కనిపించే చిన్న డీజిల్ కార్లలో అధికభాగం పాతవే.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి విడిపోయి ఏర్పడింది. జిల్లా కేంద్రమైన కామారెడ్డి పట్టణం పూర్వం 7వ నెంబరుగాను, ఇప్పుడు 44వ నెంబరుగాను పిలువబడే జాతీయ రహదారిపై ఉన్నది. దీనికి పశ్చిమాన, నిజాంసాగర్ జలాశయానికి చేరువలో ఉన్న ఎల్లారెడ్డి ఒక రెవెన్యూ డివిజను కేంద్రం. కామారెడ్డి నుండి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి రోడ్డు మార్గం కలదు.

వాహనం దృష్టితో చూస్తే ఈ రెండు మార్గాల స్వభావం వేరు. జాతీయ రహదారిపై కారు గంటల తరబడి ఒకే వేగంతో, ఎక్కువ గేరులో పోతుంది. ఎల్లారెడ్డి వైపు రోడ్డులో ఊరూరా వేగం తగ్గించడం, స్పీడు బ్రేకర్లు దాటడం, ట్రాక్టరు వెనుక నిదానించి మరల వేగం అందుకోవడం తప్పదు. మొదటి మార్గంలో గాలి నిరోధం మైలేజిని శాసిస్తే, రెండవ మార్గంలో తక్కువ వేగంలో ఇంజను లాగే బలం, డ్రైవరు గేరు వాడే తీరు శాసిస్తాయి. ఒకే కారు గురించి ఇద్దరు యజమానులు చెప్పే మైలేజిలో తేడా రావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఈ ప్రాంతంలో పెళ్ళి బృందాలను, రోగులను, వ్యవసాయ సామగ్రిని చేరవేసే బొలెరో, తవేరా, సుమో వంటి వాహనాలు యజమానికి జీవనాధారం. నెంబరు ప్లేటుపై ఏపీ 25 ఉన్న వాహనం 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ముందు, ఉమ్మడి నిజామాబాదు జిల్లాలో రిజిస్టరు అయినదని అర్థం. ఇటువంటి వాహనానికి ఇంజను చెడిపోతే, దానిని విప్పి బాగుచేయించే ఖర్చు ఒక్కొక్కసారి వాహనం విలువకు దగ్గరగా వస్తుంది. కనుక ట్యూనింగ్ విషయంలో ఏది సాధ్యం, ఏది ప్రమాదం అనేది యజమాని ముందుగా తెలుసుకోవలసిన విషయం.

టర్బోడీజిల్ ఇంజను పనిచేసే విధానం

పెట్రోలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఇంధనాన్ని అంటిస్తుంది. డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలిని 16 నుండి 22 రెట్లు కుదించినప్పుడు పుట్టే వేడికి, నాజిల్ నుండి సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ తనంత తానే అంటుకొంటుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు పెరిగేది డీజిల్ పరిమాణం. ఎక్కువ డీజిల్ చిమ్మితే ఎక్కువ పవరు వస్తుంది, అయితే ఆ డీజిల్ కాలడానికి తగినంత గాలి సిలిండరులో ఉన్నంతవరకు మాత్రమే.

టర్బోఛార్జరులో ఒకే ఇరుసుపై రెండు చక్రాలు ఉంటాయి. ఒకటి సైలెన్సరు వైపు పోయే వేడి వాయువుల వలన తిరుగుతుంది. రెండవది దానితోపాటు తిరుగుతూ బయటి గాలిని కుదించి ఇంజనులోకి నెడుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు. ఇది పలుచని ఆయిల్ పొరపై తేలుతూ తిరుగుతుంది. కనుక ఇంజను ఆయిల్ మురికిపడినా, తగ్గినా మొదట దెబ్బతినే భాగాలలో టర్బో ఒకటి. ఒత్తిడి హద్దు మీరకుండా వేస్ట్‌గేటు అనే తలుపు కొంత వాయువును పక్కదారిన వదిలివేస్తుంది. తరువాతి ఇంజనులలో చక్రం చుట్టూ ఉన్న రెక్కల కోణాన్ని మార్చే వేరియబుల్ జామెట్రీ టర్బోలు వచ్చాయి.

గాలి లెక్క

ట్యూనింగ్‌లో మూలసూత్రం గాలి లెక్క. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.5 కిలోల గాలి అవసరం. ఒక లీటరు డీజిల్ సుమారు 0.83 కిలోల బరువు ఉంటుంది గనుక లీటరుకు దాదాపు 12 కిలోల గాలి కావాలి. చిమ్మిన డీజిల్ గాలితో సంపూర్ణంగా కలవడానికి వ్యవధి చాలదు. అందువలన ఆచరణలో ఇంతకంటే గణనీయంగా ఎక్కువ గాలి ఉంటేనే ఇంజను పొగ లేకుండా నడుస్తుంది.

కామారెడ్డి ప్రాంతం దక్కను పీఠభూమిపై, సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తులో వాతావరణ పీడనం సముద్రతీరంలో కంటే సుమారు 6 శాతం తక్కువ. మే నెలలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలకు చేరినప్పుడు గాలి మరింత పలుచబడుతుంది. సముద్రతీరంలో 25 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.19 కిలోలు తూగితే, కామారెడ్డి వేసవిలో అది సుమారు 1.06 కిలోలు మాత్రమే. అనగా అదే పరిమాణపు గాలిలో 11 శాతం తక్కువ ప్రాణవాయువు ఉంటుంది. టర్బో ఈ లోటును కొంతవరకు పూడ్చగలదు, కాని అందుకోసం అది మరింత వేగంగా తిరగాలి. చలికాలం ఉదయం చక్కగా లాగిన కారు వేసవి మధ్యాహ్నం ఏసీ వేసుకొని నిండా జనంతో పోతున్నప్పుడు బరువుగా అనిపించడానికి ఇదే కారణం. అది ప్రతిసారీ లోపం కానక్కరలేదు.

గాలిని కుదిస్తే అది వేడెక్కుతుంది. 40 డిగ్రీల గాలిని టర్బో రెండింతల ఒత్తిడికి కుదిస్తే, కుదించే చక్రం దక్షత 70 శాతం అనుకొన్నప్పుడు, ఆ గాలి సుమారు 138 డిగ్రీలకు చేరుతుంది. దానిని ఇంటర్‌కూలరు గుండా పంపి 65 డిగ్రీలకు చల్లబరిస్తే అదే ఒత్తిడిలో సుమారు 22 శాతం ఎక్కువ గాలి పడుతుంది. అందుచేత దుమ్ము, పురుగులు, ఎండిన బురదతో మూసుకుపోయిన ఇంటర్‌కూలరును శుభ్రపరచడం కూడా ట్యూనింగే.

పవరు, టార్కు

ఇరుసును తిప్పే బలాన్ని టార్కు అంటారు. టార్కును, నిమిషానికి తిరిగే చుట్లను గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లలో పవరు వస్తుంది. ఉదాహరణకు స్విఫ్ట్ డీజిల్‌లోని 1248 ఘనపు సెంటీమీటర్ల ఇంజను 2000 చుట్ల వద్ద 190 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. ఆ క్షణంలో దాని పవరు సుమారు 40 కిలోవాట్లు, అనగా 54 హార్స్‌పవర్. దాని గరిష్ఠ పవరైన 75 హార్స్‌పవర్ 4000 చుట్ల వద్ద వస్తుంది. అక్కడ టార్కు సుమారు 132 న్యూటన్ మీటర్లకు తగ్గిపోయి ఉంటుంది. ఎల్లారెడ్డి రోడ్డులో నిండు కారు మూడవ గేరులో చెరువు కట్ట ఎక్కేటప్పుడు పనికివచ్చేది 2000 చుట్ల వద్ద ఉన్న టార్కు. ప్రకటనలలో కనిపించే గరిష్ఠ పవరును రోజువారీ ప్రయాణంలో వాడుకొనే సందర్భాలు తక్కువ.

ఇదే కుటుంబానికి చెందిన 1248 ఘనపు సెంటీమీటర్ల ఇంజనును మారుతి సంస్థ 2012లో విడుదలైన ఎర్టిగాలో 90 హార్స్‌పవర్‌తో అందించింది. పవరు 20 శాతం పెరిగినా టార్కు 190 నుండి 200 న్యూటన్ మీటర్లకు, అనగా 5 శాతమే పెరిగింది. దానికోసం స్థిరమైన టర్బో స్థానంలో వేరియబుల్ జామెట్రీ టర్బో అమర్చారు. పవరు పెంచవలసి వచ్చినప్పుడు తయారీదారు కేవలం డీజిల్ పెంచి ఊరుకోలేదు, గాలి అందించే ఏర్పాటును కూడా మార్చాడు. పాత కారును ట్యూన్ చేయించదలచినవారు గుర్తుంచుకోవలసిన విషయం ఇది.

పాతబడిన ఇంజను లక్షణాలు

పాత ఇంజనులో పవరు ఒక్కసారిగా పోదు. పలుచోట్ల కొద్దికొద్దిగా తగ్గడం వలన యజమానికి అది అలవాటైపోతుంది. సాధారణంగా కనిపించే కారణాలు ఇవి:

* ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోవడం. వరికోతల కాలంలోను, మట్టిరోడ్లపైన ఇది త్వరగా జరుగుతుంది.
* టర్బో నుండి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం పగలడం, క్లిప్పు వదులు కావడం. కుదించిన గాలి బయటకు పోతున్నప్పుడు ఈల వంటి శబ్దం వస్తుంది, పగులు చుట్టూ ఆయిల్ తడి కనిపిస్తుంది.
* గాలిని కొలిచే సెన్సారుకు మురికి పట్టడం. వచ్చే గాలిని అది తక్కువగా చూపితే కంప్యూటరు డీజిల్‌ను తగ్గిస్తుంది.
* ఈజీఆర్ వాల్వు, ఇన్‌టేక్ గొట్టాలు మసితో పూడుకుపోవడం.
* నాజిళ్ళు అరగడం. తుంపరకు బదులు ధారగా పడే డీజిల్ సరిగా కాలదు.
* డీజిల్ ఫిల్టరులో నీరు, మడ్డి చేరడం.
* రింగులు, వాల్వులు అరిగి కంప్రెషను తగ్గడం.
* బ్రేకు ప్యాడ్లు చక్రాన్ని పట్టి ఉండడం, క్లచ్చు ప్లేటు జారడం. ఇవి ఇంజను లోపాలు కాకపోయినా ఫలితం అదే.

సైలెన్సరు నుండి వచ్చే పొగ రంగు మంచి సూచిక. నల్లని పొగ అంటే గాలికి మించిన డీజిల్. తెల్లని పొగ వాసన ఘాటుగా ఉంటే కాలని డీజిల్ అని, రేడియేటరులో నీరు తరుగుతూ ఉంటే సిలిండరులోకి నీరు చేరుతున్నదని భావించవచ్చు. నీలిరంగు పొగ ఇంజను ఆయిల్ కాలుతున్నదనడానికి గుర్తు. టర్బో సీళ్ళు గాని, రింగులు గాని అరిగినప్పుడు ఇది కనిపిస్తుంది.

పునరుద్ధరణ క్రమం

ఖర్చు తక్కువైన పని నుండి ఎక్కువైన పనికి పోవడం మంచి పద్ధతి. మొదట ఫిల్టర్లు, ఆయిల్ మార్చి, గాలి గొట్టాలన్నీ చేతితో తడిమి చూడాలి. తరువాత కంప్యూటరు ఉన్న కార్లలో స్కానరుతో లోపాల సంకేతాలను, టర్బో ఒత్తిడిని, గాలి సెన్సారు చూపే విలువలను, రైలు ఒత్తిడిని చదవాలి. కంప్యూటరు కోరిన విలువకు, వాస్తవంగా ఉన్న విలువకు మధ్య తేడా ఎక్కడ ఉంటే లోపం ఆ వైపున ఉంటుంది.

మూడవ దశలో ఇంజెక్టర్లను పరీక్షిస్తారు. ఒక్కొక్క ఇంజెక్టరు నుండి ట్యాంకుకు తిరిగిపోయే డీజిల్‌ను వేరువేరు సీసాలలోకి పట్టి పోల్చడం కామన్ రైల్ ఇంజనులకు సులభమైన పరీక్ష. ఒక సీసా మిగతావాటికంటే బాగా నిండితే ఆ ఇంజెక్టరు అరిగినట్లు. పాత పంపు ఇంజనులలో నాజిళ్ళను విప్పి, పరీక్ష యంత్రంపై తుంపర ఆకారాన్ని, తెరుచుకొనే ఒత్తిడిని చూస్తారు. నాలుగవది కంప్రెషను పరీక్ష. కంప్రెషను పడిపోయిన ఇంజనుకు ఎటువంటి ట్యూనింగూ పనిచేయదు. అటువంటి ఇంజనులో డీజిల్ పెంచితే పొగ, వేడి పెరిగి మిగిలిన ఆయుష్షు కూడా తరుగుతుంది.

పంపు ఇంజనుల ట్యూనింగ్

కామన్ రైల్ రాకముందు కార్లలో యాంత్రిక రోటరీ పంపులు వాడేవారు. వీటిలో పూర్తి యాక్సిలరేటరు వద్ద చిమ్మే డీజిల్ పరిమాణాన్ని ఒక స్క్రూ నిర్ణయిస్తుంది. టర్బో ఉన్న ఇంజనుల పంపుపై ఒక డయాఫ్రం కూడా ఉంటుంది. టర్బో ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రమే అది అదనపు డీజిల్‌కు దారి ఇస్తుంది. టర్బో ఇంకా అందుకోనప్పుడు పొగ రాకుండా చూడడం దాని పని. డయాఫ్రం చిరిగితే కారు టర్బో లేనట్లుగా నడుస్తుంది. దానిని మార్చడంతోనే పోయిన పికప్ తిరిగివస్తుంది.

పంపు స్క్రూను తిప్పి డీజిల్ పెంచడం అన్నిటికంటే చవకైన ట్యూనింగ్. కారు వెంటనే చురుకుగా కదలడంతో యజమాని సంతోషిస్తాడు. అయితే గాలి పెరగలేదు గనుక కొద్ది మేరకు మించి తిప్పితే అదనపు డీజిల్ మసిగా, వేడిగా మారుతుంది. చిమ్మే సమయం కూడా ముఖ్యమే. పంపును కొద్దిగా ముందుకు తిప్పితే దహనం త్వరగా మొదలై మైలేజి పెరగవచ్చు. కాని మరీ ముందుకు తిప్పితే సిలిండరులో ఒత్తిడి, శబ్దం, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. బెల్టు, గొలుసు అరుగుదల వలన పాత ఇంజనులో ఈ సమయం వెనుకబడి ఉండవచ్చు. దానిని తయారీదారు చెప్పిన గుర్తుకు డయల్ గేజితో చేర్చడం సురక్షితమైన పని. చెవితో విని అంచనాగా తిప్పడం సురక్షితం కాదు.

కామన్ రైల్ ఇంజనుల ట్యూనింగ్

కామన్ రైల్ ఇంజనులో ఒక పంపు డీజిల్‌ను వెయ్యి బార్‌లకు మించిన ఒత్తిడితో ఒక గొట్టంలో నిల్వ ఉంచుతుంది. ఎప్పుడు, ఎంత చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఈ నిర్ణయాలన్నీ పట్టికల రూపంలో దాని జ్ఞాపకంలో ఉంటాయి. డ్రైవరు కోరే టార్కు, గాలినిబట్టి డీజిల్‌కు విధించే పొగ పరిమితి, టర్బో ఒత్తిడి, రైలు ఒత్తిడి, చిమ్మే కోణం, వేడినిబట్టి పవరు తగ్గించే రక్షణ వీటిలో ముఖ్యమైనవి. ఈ పట్టికలను మార్చి తిరిగి వ్రాయడాన్ని రీమ్యాప్ అంటారు. మంచి రీమ్యాప్‌లో ఇవన్నీ ఒకదానికొకటి పొసగేటట్లు మార్చి, రక్షణలను అలాగే ఉంచుతారు.

రెండవ పద్ధతి ట్యూనింగ్ బాక్సు. దీనిని రైలు ఒత్తిడి సెన్సారు తీగకు మధ్యలో తగిలిస్తారు. ఉన్న ఒత్తిడికంటే తక్కువ ఉన్నట్లు అది కంప్యూటరును నమ్మిస్తుంది. కంప్యూటరు ఒత్తిడిని పెంచుతుంది, దానితో ఎక్కువ డీజిల్ పడుతుంది. తీసివేయడం సులభమే అయినా, ఇంజనులో వాస్తవంగా ఏమి జరుగుతున్నదో కంప్యూటరుకు తెలియకుండా పోతుంది. పొగ పరిమితి కూడా తప్పుడు లెక్కపైనే పనిచేస్తుంది. ఇంజెక్టర్లు, అధిక ఒత్తిడి పంపు పాతబడిన కారుకు ఈ అదనపు ఒత్తిడి త్వరగా చేటు చేస్తుంది.

మార్పులకు హద్దులు

డీజిల్ ఇంజనులో ఎక్కువ ఇంధనం అంటే ఎక్కువ వేడి. టర్బోలోకి ప్రవేశించే వాయువుల ఉష్ణోగ్రత 750 డిగ్రీలకు పైబడి చాలాసేపు ఉంటే పిస్టన్ తలలు, వాల్వులు, టర్బో చక్రం దెబ్బతినే ప్రమాదం ఉన్నది. ఊరిలో ఒక చుట్టు తిప్పి చూసినప్పుడు ఈ ప్రమాదం తెలియదు. నిండు జనంతో, వేసవి మధ్యాహ్నం, జాతీయ రహదారిపై అరగంట ఆగకుండా లాగించినప్పుడు మాత్రమే బయటపడుతుంది.

వేస్ట్‌గేటు రాడ్డును బిగించి టర్బో ఒత్తిడి పెంచడం మరొక ప్రమాదకరమైన పద్ధతి. పలుచని గాలిలో ఇప్పటికే వేగంగా తిరిగే టర్బో హద్దు మీరి తిరిగి విరిగిపోవచ్చు. తక్కువ చుట్ల వద్ద టార్కును అతిగా పెంచితే కనెక్టింగ్ రాడ్లు, క్లచ్చు, గేరుబాక్సు భరించలేవు. రేడియేటరు సగం పూడుకుపోయిన కారులో పవరు పెంచితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అందుచేత పాత కారుకు శీతలీకరణ, బ్రేకులు, టైర్లు సరిచేయనిదే పవరు పెంచరాదు. పెరిగిన వేగాన్ని ఆపవలసినవి ఆ పాత బ్రేకులే.

వరద నీటిలో కారు నడపడం కూడా ఇంజనును నాశనం చేస్తుంది. డీజిల్ ఇంజనులో కుదింపు చోటు చాలా చిన్నది. నీరు కుదించబడదు గనుక గాలి గొట్టం ద్వారా కొద్దిపాటి నీరు చేరినా కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. 2025 ఆగస్టు చివరిలో కామారెడ్డి జిల్లాలో కురిసిన అతి భారీ వర్షాల వంటి సందర్భాలలో నీట మునిగిన కారును వెంటనే స్టార్టు చేయకూడదు. ఇంజెక్టర్లు గాని గ్లో ప్లగ్గులు గాని విప్పి, నీటిని బయటకు పంపిన తరువాతనే ఇంజనును తిప్పాలి.

మైలేజి

పవరు, మైలేజి కొంతవరకు కలిసి నడుస్తాయి. గాలి సాఫీగా అందడం, నాజిల్ సన్నగా చిమ్మడం, సమయం సరిగా ఉండడం రెండింటికీ మేలు చేస్తాయి. ఆ తరువాత దారులు వేరవుతాయి. పెరిగిన పవరును వాడుకొన్నంతసేపు అందుకు తగిన డీజిల్ ఖర్చవుతుంది. రీమ్యాప్ తరువాత మైలేజి పెరిగిందంటే, సాధారణంగా తక్కువ చుట్ల వద్ద టార్కు పెరిగి డ్రైవరు ముందుగానే పై గేరుకు మారడం అందులో ఒక కారణం.

గాలి నిరోధం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్లకు బదులు 100 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ నిరోధం 56 శాతం అధికమవుతుంది. కారుపైన సామాను క్యారియరు ఉంటే అది మరింత పెరుగుతుంది. జాతీయ రహదారిపై వేగాన్ని 80కి తగ్గించడం ఖర్చులేని మైలేజి ట్యూనింగ్. టైర్లలో సరైన గాలి ఉంచడం, చక్రాల అమరిక సరిచూడడం, అనవసర బరువు తీసివేయడం కూడా ఇటువంటివే.

మైలేజిని డ్యాష్‌బోర్డు అంకెనుబట్టి కాక ట్యాంకు నుండి ట్యాంకు పద్ధతిలో కొలవాలి. ఒకే బంకులో ట్యాంకు నింపి, 500 కిలోమీటర్లకు తగ్గకుండా తిరిగి, మరల అదే బంకులో అదే విధంగా నింపాలి. ఉదాహరణకు 560 కిలోమీటర్లకు 35 లీటర్లు పడితే మైలేజి 16. మార్పుకు ముందు మూడుసార్లు, తరువాత మూడుసార్లు కొలిచి సగటు చూడాలి. రెండు సగటుల మధ్య తేడా 5 శాతం లోపు ఉంటే అది ట్యూనింగ్ ఫలితమని చెప్పలేము. వాతావరణం, బరువు, దారి మారినా అంత తేడా వస్తుంది.

అపోహలు

డీజిల్ గొట్టానికి అయస్కాంతం కడితే మైలేజి పెరుగుతుందన్న ప్రచారం చాలాకాలంగా ఉన్నది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటి పరికరాలను వందకు పైగా పరిశీలించగా, వాటిలో అత్యధికం చెప్పుకోదగిన ప్రయోజనం ఇవ్వలేదు. కిరోసిన్ కలపడం మరొక దురలవాటు. డీజిల్ తానే పంపులోని భాగాలకు నునుపు ఇస్తుంది. కిరోసిన్‌కు ఆ గుణం తక్కువ గనుక పంపు, ఇంజెక్టర్లు త్వరగా అరుగుతాయి. శుద్ధిచేయని కానుగ నూనె వంటి చిక్కని నూనెలను నేరుగా పోస్తే నాజిళ్ళు పూడుకుపోతాయి.

కాలుష్యం, చట్టం

మైలేజికి, కాలుష్యానికి మధ్య వైరుధ్యం ఉన్నది. దహనం వేడిగా, త్వరగా జరిగితే డీజిల్ ఆదా అవుతుంది, కాని ఊపిరితిత్తులకు హాని చేసే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వాటిని తగ్గించడానికే కొంత పొగను తిరిగి లోనికి పంపే ఈజీఆర్ వాల్వును అమర్చారు. పరీక్ష సమయంలో మాత్రమే నైట్రోజన్ ఆక్సైడ్లను పూర్తిగా అదుపు చేసేలా ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తన డీజిల్ కార్ల కంప్యూటర్లలో ఏర్పాటు చేసిన విషయం 2015 సెప్టెంబరులో బయటపడి ప్రపంచవ్యాప్తంగా సంచలనం కలిగించింది. ఈజీఆర్‌కు రేకు వేసి మూసివేయడం కొన్నిచోట్ల జరుగుతున్నా, అది సరైన పద్ధతి కాదు. వాల్వును విప్పి మసిని శుభ్రపరచడమే సరైన మార్గం.

భారతదేశంలో కాలుష్య తనిఖీ సమయంలో డీజిల్ వాహనాన్ని నిలిపి ఉంచి, యాక్సిలరేటరును పూర్తిగా తొక్కి, పొగ సాంద్రతను కొలుస్తారు. పొగ సాంద్రత భారత్ స్టేజ్ 4 వాహనాలకు 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకు ముందువాటికి 65 యూనిట్లు మించరాదు. డీజిల్ పెంచిన పాత కారు ఈ పరీక్షలోనే పట్టుబడే అవకాశం ఎక్కువ.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. ఈ సెక్షనును కచ్చితంగా పాటించవలెనని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే సంవత్సరం సవరించిన చట్టం ప్రకారం అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, రెండూ గాని విధించవచ్చు. సొంత వాడకపు కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాల తరువాత ముగుస్తుంది. దానిని పరీక్ష జరిపించి ఐదు సంవత్సరాలకొకసారి పొడిగించుకోవాలి. మార్పులు చేసిన, పొగ వదిలే కారుకు ఆ పొడిగింపు దొరకడం కష్టం. పునరుద్ధరించిన కారుకు ఈ ఇబ్బంది ఉండదు.

ఇవి కూడా చూడండి

* డీజిల్ ఇంజను
* టర్బోఛార్జరు
* భారత్ స్టేజ్ ప్రమాణాలు
* కామారెడ్డి జిల్లా
* ఎల్లారెడ్డి
* నిజాంసాగర్